మసాదా గోడ మీది నల్ల గీత

సంపాదకులు గారికి నమస్కారం.

గత ఆదివారం మీ పత్రిక విశాఖ పేజీలో భీమిలి రోడ్డులోని తొట్లకొండ బౌద్ధ స్థలం ఫొటో ఒకటి వేశారు. సాయంత్రపు ఎండలో స్తూపం, వెనక సముద్రం, ముందు ఫొటోలు దిగుతున్న కొత్త జంట. ఫొటో బాగుంది. కానీ నా కళ్లు ఆ అమ్మాయి చీర కుచ్చెళ్ల పక్కన సగమే కనబడుతున్న రాతి తొట్టి మీదే ఆగిపోయాయి. ఆ తొట్టి గురించే ఈ ఉత్తరం. అయితే దాని దగ్గరికి రావాలంటే ముందు నేను ఇజ్రాయెల్ ఎడారిలో చూసినవి చెప్పాలి. కాస్త ఓపిక పట్టి చదవమని మనవి.

నేను నీళ్ల పనివాణ్ణి. విశాఖలో 34 ఏళ్లు పంపు ఆపరేటరుగా చేసి రిటైరయ్యాను. ముడసర్లోవ, మేఘాద్రిగెడ్డ, రైవాడ, తాటిపూడి అనే జలాశయాల పేర్లు చాలామందికి వేసవి వార్తల్లోనే వినబడతాయి. నాకు అవి ఇంట్లో మనుషుల పేర్లలాంటివి. తెల్లవారుజామున నాలుగింటికి వాల్వు తిప్పితే, ఏ వీధి చివర కుళాయి ఎన్నింటికి గాలి చప్పుడు చేస్తుందో చెప్పగలిగేవాణ్ణి. ఏ ఊరు వెళ్లినా ముందు అక్కడివాళ్లు నీళ్లు ఎక్కణ్ణుంచి తెచ్చుకుంటున్నారా అని చూడటం నాకు అలవాటు.

2023 ఫిబ్రవరిలో మా చర్చి వాళ్లతో కలిసి నేనూ మా ఆవిడా యెరూషలేము యాత్రకు వెళ్లాం. పుణ్యస్థలాల గురించి రాసినవాళ్లు చాలామంది ఉన్నారు, నేను వాటి జోలికి పోను. యెరూషలేము నుంచి బస్సు తూర్పుకు దిగిన ఆ ఒక్క రోజు గురించే చెబుతాను.

యెరూషలేము కొండల మీద ఉంటుంది, సముద్రమట్టానికి 750 మీటర్లకు పైగా ఎత్తులో. అక్కణ్ణుంచి మృత సముద్రానికి నలభై కిలోమీటర్లు కూడా లేదు. ఇళ్లు అయిపోయాయి, చెట్లు అయిపోయాయి, గడ్డి కూడా అయిపోయింది. రెండువైపులా ఎండిన రొట్టె రంగులో గుట్టలు. సగం దారిలో రోడ్డు పక్కన ‘సముద్రమట్టం’ అని రాసిన రాయి ఉంది. పక్కన ఒక ఒంటెను నిలబెట్టి ఫొటోలు తీయిస్తున్నారు. బస్సు ఆ రాయి దాటి ఇంకా కిందికే దిగుతోంది. విశాఖలో పుట్టి పెరిగినవాడికి సముద్రమే అన్నిటికన్నా అడుగు. వాగులూ గెడ్డలూ పోయేది అక్కడికే, మురుగు పోయేది అక్కడికే, నేను జీవితమంతా కట్టిన లెవెళ్లన్నీ అక్కణ్ణుంచి కట్టినవే. ఆ లెవెలు దాటి ఇంకో 430 మీటర్లు దిగుతుంటే చెవులు మూసుకుపోయాయి. ఒళ్లు జలదరించింది.

మొదట కుమ్రాన్‌లో ఆగాం. అది వెస్ట్ బ్యాంక్ భూభాగం, ఇజ్రాయెల్ ఆధీనంలో ఉంది. 1947లో బెదూయిన్ అనే ఎడారి సంచార తెగ కాపరి పిల్లవాడికి అక్కడి గుహలో మట్టి జాడీల్లో తోలు చుట్టలు దొరికాయి. రెండు వేల ఏళ్ల నాటి లేఖనాల ప్రతులు అవి. మా వాళ్లంతా గుహల వైపు చూస్తూ ప్రార్థన చేసుకుంటున్నారు. నేనూ చేసుకున్నాను. కానీ నన్ను కట్టిపడేసింది మాత్రం కింద ఉన్న తొట్లు. ఆ ఎడారిలో మతనిష్ఠతో బతికిన ఒక సమాజం కొండ మీది వాన వరదను కాలువతో తెచ్చి, ఒక తొట్టి నిండాక ఇంకో తొట్టికి పారేలా కట్టుకుంది. గచ్చు చేసిన తొట్లు, మెట్లు దిగి మునిగే స్నానపు తొట్లు. ఒక తొట్టి మెట్లు నిలువునా చీలి ఒకవైపు కుంగి ఉన్నాయి. క్రీస్తు పూర్వం 31లో వచ్చిన భూకంపానికి అలా అయిందంటారు. నేను ఆ చీలిక పక్కన చాలాసేపు నిలబడ్డాను. నీళ్ల తొట్టికి పగులు పట్టడం అంటే ఏమిటో నీళ్ల పనివాడికి తెలుసు. ఆ పగులు చూసిన రోజు ఆ మనుషుల గుండె ఎంత జారిపోయి ఉంటుందో.

దక్షిణంగా ఏన్గెదీ. దావీదు సౌలుకు భయపడి దాక్కున్నాడని బైబిల్లో చదివిన చోటు. ఎండిపోయిన కొండల నడుమ నిజంగానే జలపాతం పడుతోంది! కొమ్ములు వెనక్కి వంగిన కొండమేకలు మనుషులను పట్టించుకోకుండా దారికి అడ్డంగా నడిచిపోయాయి. మా ఆవిడ ఆ నీళ్లలో చేతులు కడిగి ముఖానికి రాసుకుని, “ఏవండీ, చల్లగా ఉన్నాయి” అంది, ఎవరో అబద్ధం చెబితే ఇప్పుడు నిజం తేల్చుకున్నట్టు.

ఆ తర్వాత మసాదా.

మసాదా అంటే ఎడారి మధ్య ఒంటరిగా నిలబడ్డ బల్లపరుపు కొండ. మృత సముద్రం ఒడ్డు నుంచి చూస్తే 400 మీటర్లకు పైగా నిట్టనిలువు. కానీ ఒడ్డు అంత లోతులో ఉండబట్టి, సముద్రమట్టం నుంచి లెక్కేస్తే ఆ కొండ నెత్తి 60 మీటర్లే ఉంటుంది. మన తొట్లకొండ 128 మీటర్లు. అంటే లెవెలు ప్రకారం మనదే ఎత్తు! ఇది నేను బస్సులోనే కాగితం మీద లెక్కేసి మా పాస్టరు గారికి చూపించాను. ఆయన నవ్వి ఊరుకున్నారు.

ఆ కొండ మీద యూదయను ఏలిన హేరోదు రాజు కోటలు కట్టించాడు. తర్వాత రోమన్లు యెరూషలేమును కూలగొట్టాక కొందరు యూదులు పెళ్లాం బిడ్డలతో ఇక్కడికి ఎక్కి నిలబడ్డారు. రోమన్ సైన్యం కొండ చుట్టూ ఎనిమిది శిబిరాలు వేసింది, పైకి ఎక్కడానికి పడమటి వైపు మట్టీ రాళ్లూ పోసి వాలు కట్ట కట్టింది. పైనుంచి చూస్తే ఆ శిబిరాల రాళ్ల గోడలు ఇప్పటికీ నేల మీద చదరాలుగా కనబడతాయి, నిన్ననే గుడారాలు ఎత్తేసినట్టు. కట్ట కూడా అలాగే ఉంది. క్రీస్తు శకం 73 లేదా 74లో గోడ పగిలాక, రోమన్లు లోపలికి దూసుకొచ్చే ముందు రాత్రి లోపలి 960 మంది ఒకరి చేతిలో ఒకరు చనిపోయారని జోసెఫస్ అనే ఆనాటి చరిత్రకారుడు రాశాడు. అంతా అలాగే జరిగిందా అని ఇప్పటి చరిత్రకారులు కొందరు సందేహిస్తారు. కానీ ఆయనే రాసిన ఒక మాట నన్ను వదల్లేదు. ఆ రాత్రి బతికి బయటపడింది ఇద్దరు ఆడవాళ్లు, అయిదుగురు పిల్లలు. వాళ్లు దాక్కున్నది నేల కింద నీళ్లు పారే సొరంగాల్లో.

ఇక ఆ నీళ్ల సంగతి. అక్కడ ఏడాది మొత్తానికి వంద మిల్లీమీటర్ల వాన కూడా పడదు. మనకు వెయ్యికి పైనే. కొండ మీద ఊట లేదు, బావి లేదు. మరి హేరోదు ఆ పైన స్నానాల గదులు, ఈత కొలను ఎలా కట్టించాడు? కొండకు పడమట రెండు గెడ్డలున్నాయి. వాళ్లు వాడి అంటారు, ఏడాదంతా ఎండి ఉండి, శీతాకాలంలో ఎక్కడో కొండల్లో వాన పడితే ఒక్కసారిగా విరుచుకుపడే గెడ్డలు. వాటికి అడ్డుకట్టలు వేసి, వరద నీటిని కొండ వాలుకు చెక్కిన కాలువల్లోకి మళ్లించారు. ఆ కాలువలు కొండ పక్కన రెండు వరసల్లో తొలిచిన పన్నెండు తొట్లలోకి నీళ్లు దింపేవి. తొట్టి అంటే మన ఇంటి సంపులాంటిది అనుకోకండి. ఒక్కొక్కటి పెద్ద హాలు అంత. గోడలకు గచ్చు పూత, పైన కొండే కప్పు. ఎండ తగలదు, ఆవిరైపోదు. పన్నెండూ కలిపి సుమారు 40,000 ఘనపు మీటర్లు పడతాయట. అంటే నాలుగు కోట్ల లీటర్లు. అక్కణ్ణుంచి కాలిబాటన నీళ్లు మోసుకెళ్లి పైనున్న తొట్లు నింపేవాళ్లు.

నా చేతులు ఊరుకోలేదు. మన నగరాల్లో మనిషికి రోజుకు 135 లీటర్లు ఇవ్వాలని లెక్క. అది 960 మందికి వేస్తే రోజుకు దాదాపు లక్షా ముప్పై వేల లీటర్లు. నాలుగు కోట్లను దాంతో భాగించండి. మూడు వందల రోజులు దాటింది. కరెంటు లేదు, మోటారు లేదు, ఇనుప పైపు లేదు. ఉన్నది వాటం ఒక్కటే, అంటే నీళ్లు పారే వాలు. కాలువకు ఎక్కడ ఎంత వాటం ఇవ్వాలో తెలిసిన ఒక మేస్త్రి ఎవరో ఉండి ఉంటాడు. వాటం ఎక్కువైతే వరద కాలువను కొట్టుకుపోతుంది, తక్కువైతే మట్టి పేరుకుంటుంది. ఆ మేస్త్రి పేరు ఎక్కడా రాసి లేదు. పైన ఒక పెద్ద తొట్టిలోకి మెట్లు దిగి వెళ్లనిస్తారు. నేను దిగి గోడ గచ్చు మీద అరచెయ్యి పెట్టాను. నున్నగా ఉంది. మూలలు గుండ్రంగా తిప్పారు. పగులు ముందు మూలల్లోనే పడుతుంది కాబట్టి మేమూ సంపు మూలలను అలాగే గుండ్రం తిప్పిస్తాం. రెండు వేల ఏళ్ల కిందటివాడు నా పనే చేశాడు. నాకు కళ్లు చెమర్చాయి.

ఇంతకీ ఉత్తరం పైన పేరుగా పెట్టిన నల్ల గీత సంగతి ఇప్పుడు చెబుతాను. మసాదా గోడల మీద అడుగడుగునా ఒక నల్ల గీత కనబడుతుంది. వంకరటింకరగా, ఒక చోట మోకాలి ఎత్తున, ఇంకో చోట తల ఎత్తున పోతుంది. మొదట అది వరద మట్టం గుర్తేమో అనుకున్నాను. గైడును అడిగాను. ఆవిడ గీత మీద వేలితో తట్టి ఏదో చెప్పింది, పాస్టరు గారు తెలుగులో చెప్పారు: “గీత కింద ఉన్నది వాళ్లది. గీత పైన ఉన్నది మాది.”

1963 నుంచి 1965 దాకా యిగేల్ యాదిన్ అనే పురావస్తు శాస్త్రవేత్త ఆధ్వర్యంలో అక్కడ పెద్ద ఎత్తున తవ్వకాలు జరిగాయి. కూలిన గోడలను ఆ రాళ్లతోనే తిరిగి పేర్చినప్పుడు, తవ్వినప్పుడు నిలబడి దొరికినదానికీ, తాము పేర్చినదానికీ మధ్య ఆ గీత గీశారు. అంతే. ఒక డబ్బా నల్ల రంగు, ఒక కుంచె. చూసేవాడికి ఎక్కడిదాకా పాతదో, ఎక్కణ్ణుంచి కొత్తదో చెప్పేశారు.

ఇది నాకు ఎందుకంత తాకిందంటే, ఒకసారి ఒక కాలనీలో కొత్త లైను వేసినవాళ్లు పాత లైను ఎక్కడ ఆగిందో, కొత్తది ఎక్కడ కలిసిందో కాగితం మీద గుర్తు పెట్టలేదు. ఎనిమిదేళ్ల తర్వాత జాయింటు పగిలింది. రాత్రంతా మూడు చోట్ల రోడ్డు తవ్వాం. తెల్లారేసరికి ఆడవాళ్లు బిందెలతో మా చుట్టూ నిలబడి ఉన్నారు. ఒక్క గుర్తు ఉండి ఉంటే గంటలో అయ్యే పని. పాతదానికీ కొత్తదానికీ మధ్య గుర్తు పెట్టడం చిన్న పని అని ఆ రోజు నుంచి నేను ఎప్పుడూ అనలేదు.

మృత సముద్రం గురించి రెండు ముక్కలు. మా ఆవిడ ఆర్కే బీచిలో ఏనాడూ మోకాలి లోతు దిగినది కాదు. అక్కడ ఇలా వెనక్కి వాలిందో లేదో పాదాలు రెండూ పైకి తేలాయి, భయపడి నా చొక్కా పట్టుకుంది, తర్వాత వదల్లేక నవ్వుతూనే ఉంది. మన సముద్రం కన్నా దాదాపు పది రెట్లు ఉప్పు. నా వేలికి చిన్న గాటు ఉంటే ప్రాణం లేచొచ్చినంత మండింది. కానీ ఆ నీరు ఏడాదికి మీటరు చొప్పున కిందికి పోతోంది. పైన యొర్దాను నదినీ దాని ఉపనదులనూ ఇజ్రాయెల్, జోర్డాన్, సిరియా అన్నీ మళ్లించుకుంటున్నాయి, కింద ఉప్పు ఖనిజాల కోసం నీటిని ఆవిరి పెడుతున్నారు. ఒడ్డు వెనక్కి పోయినచోట నేల కింది ఉప్పు పొరను మంచినీరు కరిగించేసి గోతులు పడుతున్నాయి. అలాంటి గోతులు వేలల్లో ఉన్నాయి. ఏన్గెదీ దగ్గర ఒకప్పుడు జనం స్నానం చేసిన ఒడ్డునే మూసేశారు. రెండు వేల ఏళ్ల కిందట గెడ్డ నీళ్లను బొట్టు బొట్టు పట్టిన నేల మీదే ఈ సంగతి. అది చూసి బాధేసింది.

అదే ఏడాది అక్టోబరు నుంచి ఆ ప్రాంతపు వార్తలు టీవీలో వచ్చినప్పుడల్లా మా ఆవిడ లేచి ప్రార్థన గదిలోకి వెళ్లిపోతోంది. మా గైడు యూదురాలు, మా బస్సు డ్రైవరు అరబ్బు. ఆ రోజు మసాదా కింద నీడన కూర్చుని ఇద్దరూ ఒకే సంచిలోంచి ఖర్జూరాలు తీసి మాకు పెట్టారు. వాళ్లిద్దరూ, వాళ్ల పిల్లలూ ఎక్కడున్నా క్షేమంగా ఉండాలి.

ఇప్పుడు తొట్లకొండ దగ్గరికి వస్తాను. తిరిగొచ్చిన నెలకే మనవణ్ణి తీసుకుని భీమిలి రోడ్డు మీద మంగమారిపేట దాకా వెళ్లి కొండ ఎక్కాం. అంతకుముందు నాలుగైదు సార్లు వెళ్లినవాణ్ణే. గాలి పీల్చుకుని, సముద్రం చూసి, పల్లీలు తిని దిగిపోయినవాణ్ణే. పేరులోనే తొట్లు ఉన్నాయని ఏనాడూ ఆలోచించలేదు! పక్కనే బావికొండ, పేరులోనే బావులు. మన పెద్దలు ఆ కొండలకు స్తూపాల పేరు పెట్టలేదు, నీళ్ల పేరు పెట్టారు.

1976లో నౌకాదళం వాళ్లు సర్వే చేస్తుంటే ఈ బౌద్ధ స్థలం బయటపడింది. 1988 నుంచి 1993 దాకా రాష్ట్ర పురావస్తు శాఖ తవ్వకాలు జరిపింది. మహాస్తూపం, చైత్యాలు అనే ప్రార్థన మందిరాలు, భిక్షువుల గదులు, భోజనశాల, వాటితో పాటు రాతిలో తొలిచిన పదకొండు తొట్లు. శాతవాహనుల నాణేలతో పాటు రోమన్ వెండి నాణేలు కూడా దొరికాయి. అక్కడ ఎడారి కొండను చుట్టుముట్టిన రోమూ, ఇక్కడ మన తీరంలో సరుకు కొన్న రోమూ ఒకటే. దాదాపు అదే కాలంలో, అక్కడ గెడ్డ వరదకు కాలువ చెక్కుతున్నప్పుడు, ఇక్కడ మన వాళ్లు వాన నీటికి తొట్టి తొలుస్తున్నారు. అటూ ఇటూ కొండ మీద ఊట లేని మనుషులే.

ఒక తొట్టి అంచున కూర్చున్నాను. లోపలి గోడ మీద ఉలి దెబ్బలు ఇంకా తెలుస్తున్నాయి, బెత్తెడు పొడవున ఒకదాని పక్కన ఒకటి, అన్నీ ఒకే వైపు వాలి. కొట్టినవాడు కుడిచేతి వాటం మనిషి అనుకున్నాను. అడుగున పచ్చటి నీళ్లు, నీళ్ల మీద రెండు ప్లాస్టిక్ సీసాలు, ఒక చిప్స్ ప్యాకెట్టు. పూడిక ఎంత ఉందో కర్రతో చూద్దామని చూస్తే కర్ర అడుగు తగలకముందే బురదలో దిగబడింది. మనవడు అడిగాడు: “తాతయ్యా, ఇది స్విమ్మింగ్ పూలా?” వాడి తప్పు కాదు. అది ఏమిటో, నీళ్లు ఎటునుంచి వచ్చేవో, ఎవరు తాగేవారో వాడికి అర్థమయ్యే తెలుగులో చెప్పే బోర్డు ఆ రోజు ఆ తొట్టి దగ్గర నాకు కనబడలేదు.

స్తూపం సంగతి కూడా చెప్పాలి. 2019 అక్టోబరు వానలకు మహాస్తూపంలో కొంత భాగం కూలిపోయింది. మళ్లీ పేర్చారు. పేర్చినందుకు సంతోషం, కూలినదాన్ని అలా వదిలేయకూడదు. కానీ నేను స్తూపం చుట్టూ రెండుసార్లు తిరిగాను. ఏ రాయి భిక్షువుల కాలం నాటిదో, ఏ రాయి మొన్న పేర్చినదో నా కళ్లకు తెలియలేదు. మనవడికి ఏది చూపించి “ఇది రెండు వేల ఏళ్ల నాటిది” అనాలి? ఇంకో నలభై ఏళ్లు పోతే ఆ పని చేసిన మేస్త్రులూ ఉండరు, చెప్పేవాళ్లూ ఉండరు.

ఇందులో నేను ఎవరినీ తప్పుపట్టడం లేదు. అధికారులకు నా విన్నపం ఒక్కటే, ఒక గీత గీయించండి. నల్లదే కానక్కర్లేదు. ఇటుకకూ రాతికీ హాని లేని పద్ధతి ఏదో, సన్నటి సీసపు పట్టీయో, వేరే రంగు సున్నపు వరసో, నిపుణులకు తెలుస్తుంది. తొట్లకొండ, బావికొండ, పావురాలకొండల్లో తిరిగి కట్టిన ప్రతి గోడకూ ఆ గుర్తు ఉండాలి. తొట్ల పక్కన తెలుగులో నాలుగు మాటలు రాయించండి, నీటి దారికి ఒక బాణం గుర్తు వేయించండి. స్కూలు పిల్లలను తెచ్చినప్పుడు ముందు స్తూపానికి కాదు, తొట్టి దగ్గరికి తీసుకెళ్లమని మేస్టార్లను కోరుతున్నాను. ఒక్క గ్లాసు నీళ్లు పోసి అది ఎటు పారుతుందో చూపిస్తే చాలు, ఆ పిల్లలు మరిచిపోరు.

ఇంకొకటి. మే నెలలో తొట్లలో నీళ్లు అడుగంటుతాయి. పూడిక తీయడానికి అదే సమయం. అది గునపాలతో ఇష్టమొచ్చినట్టు తీసే పూడిక కాదని నాకు తెలుసు, బురదలో ఏ పెంకు ఉందో ఏ నాణెం ఉందో. పురావస్తు నిపుణులు ఒకరు దగ్గరుండి, జల్లెడ పట్టించి తీయించాలి. అనుమతి ఇస్తే మాలాంటి రిటైరైన నీళ్ల పనివాళ్లం తొమ్మిదిమందిమి సిద్ధంగా ఉన్నాం, నేను అందరితో మాట్లాడాను. జీతం వద్దు, పొద్దున్నే ఆరింటికల్లా వచ్చి ఎండ ఎక్కేలోపు దిగిపోతాం. చేతి బకెట్లు, తాళ్లు, జల్లెళ్లు మేమే తెచ్చుకుంటాం. ఎవరిని అడగాలో, ఏ కాగితం పెట్టాలో మీ పత్రిక ద్వారా తెలియజేస్తే అదే పదివేలు.

ఇట్లు,
ఒక రిటైర్డ్ పంపు ఆపరేటరు,
మర్రిపాలెం, విశాఖపట్నం